మా మేనకోడలి దరఖాస్తు

తెనాలి స్టేషనులో రేపల్లె బండి కోసం ఎదురుచూస్తూ మా మేనకోడలు నా చేతికి నాలుగు కాగితాలిచ్చి, "ఇందులో నీ పేరు ఎక్కడా లేదు మామయ్యా, కానీ మొత్తం నువ్వే ఉన్నావు" అంది. ఆ మాటలో కోపం లేదు. అందుకే ఎక్కువ బాధపడ్డాను. ఆ కాగితాలు అంతకుముందు ఏడు అమెరికాలోని 14 దంతవైద్య కళాశాలలకు ఆమె పంపిన స్వీయపరిచయ వ్యాసం. అది రాసింది నేను.

ఇది 2022 చివరి మాట. ఆ 14 కళాశాలల్లో ఒక్కటి కూడా ఆమెను ఇంటర్వ్యూకి పిలవలేదు.

అసలు సంగతి మొదటినుంచి చెప్పాలి. మా అక్కా బావలది రేపల్లె. అమ్మాయి 2012లో ఎంసెట్ రాసింది. ఆ రోజుల్లో ఎంసెట్ మార్కులకు 75 శాతం, ఇంటర్మీడియట్ మార్కులకు 25 శాతం విలువ కట్టి ర్యాంకు ఇచ్చేవారు. ఆ ర్యాంకుకు ఎంబీబీఎస్ అందలేదు, బీడీఎస్ అందింది. విజయవాడలో కౌన్సెలింగుకు నేనే తోడు వెళ్ళాను. గుంటూరు జిల్లావాళ్ళం గనుక మనది ఆంధ్ర విశ్వవిద్యాలయ స్థానిక ప్రాంతం. 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఆ ప్రాంతపు సీట్లలో 85 శాతం స్థానికులవే. ర్యాంకు, స్థానికత, వర్గం - ఈ మూడూ కలిసి ఏ కళాశాలలో కూర్చోబెడితే అక్కడ కూర్చోవడమే. ఎందుకు దంతవైద్యం చదవాలనుకుంటున్నావని ఆ పిల్లను అడిగినవారు ఒక్కరూ లేరు. అడిగి ఉంటే ఆమె దగ్గర జవాబు కూడా లేదు. 2017 నుంచి ఎంసెట్ స్థానంలో నీట్ వచ్చింది, 720 మార్కుల పరీక్ష అయింది. ఆ ప్రశ్న మాత్రం ఇప్పటికీ ఎవరూ అడగరు. ఇందులో ఒక న్యాయం ఉందని కూడా ఒప్పుకోవాలి. రేపల్లె పిల్లకూ హైదరాబాదు పిల్లకూ ఒకటే ప్రశ్నపత్రం. ఇంగ్లీషులో తన గురించి తాను ఎవరు బాగా చెప్పుకోగలరన్న లెక్క అక్కడ ఉండదు.

నాలుగేళ్ళ చదువు, ఏడాది హౌస్ సర్జన్సీ ముగించి 2017లో బయటికి వచ్చింది. బాపట్లలో ఒక పెద్దాయన క్లినిక్కులో చేరింది. వారంలో ఒక రోజు రేపల్లెలో ఆయన స్నేహితుని క్లినిక్కులో చూసేది. ఎండీఎస్ కోసం నీట్ రెండుసార్లు రాసింది. వచ్చిన ర్యాంకుకు ఇష్టమైన శాఖ దొరకలేదు. అప్పుడు డల్లాసులో ఉన్న మా తమ్ముడు అమెరికా సంగతి ఎత్తాడు.

మన బీడీఎస్ పట్టాతో అక్కడ నేరుగా వైద్యం చేయడానికి చాలా రాష్ట్రాల్లో వీలుండదు. అక్కడి కళాశాలలో సాధారణంగా రెండు, మూడేళ్ళు చదివి డీడీఎస్ లేదా డీఎండీ పట్టా తీసుకోవాలి. పేర్లు వేరైనా ఆ రెండు పట్టాలూ ఒకటే. విదేశాల్లో చదివినవారి కోసం చాలా కళాశాలల్లో ప్రత్యేక ప్రవేశాలుంటాయి. అమెరికన్ డెంటల్ ఎడ్యుకేషన్ అసోసియేషన్ నడిపే 'క్యాపిడ్' అనే ఉమ్మడి దరఖాస్తు ద్వారా వాటిలో ఎక్కువ వాటికి పంపవచ్చు. మార్కుల జాబితాలను ఈసీఈ వంటి సంస్థ చేత అక్కడి కొలతలోకి మార్పించాలి. టోఫెల్ రాయాలి. ఐఎన్‌బీడీఈ అనే జాతీయ పరీక్ష గట్టెక్కాలి. 500 ప్రశ్నలు, రెండు రోజులు. మా అమ్మాయికి అప్పటికే సందర్శక వీసా ఉండడంతో 2022 తొలి నెలల్లో డల్లాసు వెళ్ళి రాసి, నెగ్గి వచ్చింది.

ఇక్కడ మాకందరికీ ఒక పొరపాటు ఆలోచన ఉండేది. పరీక్ష నెగ్గింది కదా, ఇక సీటు వచ్చినట్లేననుకున్నాం. ఎంసెట్ మనస్తత్వం! ఆ పరీక్షలో నెగ్గినవారికి మార్కులు చూపరు. ఉత్తీర్ణులా కాదా అన్నదొక్కటే చెబుతారు. దాని పూర్వరూపమైన పాత బోర్డు పరీక్షకు 2012 నుంచే ఆ పద్ధతి వచ్చింది. అంటే, నెగ్గినవాళ్ళంతా గడప దగ్గర ఒకే వరుసలో నిలబడతారు. అక్కడి నుంచి లోపలికి ఎవరిని పిలవాలో తేల్చడానికి వాళ్ళకు మిగిలేవి - చదువులో మార్కులు, చేసిన పని, సిఫారసు లేఖలు, ఆ వ్యాసం, కొన్నిచోట్ల చేతిపని పరీక్ష. మనం ఎన్నడూ పట్టించుకోనివన్నీ అక్కడ లెక్కకు వస్తాయి.

వ్యాసం దగ్గరికి వచ్చేసరికి ఇంట్లో అందరి కళ్ళూ నావైపు తిరిగాయి. ముప్ఫై రెండేళ్ళు తెలుగు పాఠం చెప్పినవాణ్ణి, నాలుగు పత్రికల్లో పేరు చూసుకున్నవాణ్ణి. నాకు మాత్రం ఉబలాటం ఉండదా? ముందు తెలుగులో రాశాను. మా ఊళ్ళోనే ఉన్న ఒక ఇంగ్లీషు లెక్చరరు మిత్రుడు దాన్ని అంతకు రెండింతల గంభీరమైన ఇంగ్లీషులోకి మార్చాడు. బాల్యంలో అమ్మమ్మ బోసినవ్వు చూసి ఆ చిన్నారి హృదయం ద్రవించడంతో వ్యాసం మొదలవుతుంది. మల్లెమొగ్గల వంటి పలువరుస, దానిమ్మ గింజలు, కృష్ణమ్మ తరగల నురగ - ప్రబంధాల్లో పళ్ళకు చెప్పిన ఉపమానం ఏదీ వదిలిపెట్టలేదు. చివర మానవసేవ, మాధవసేవ. చదివి మా అక్క కంటతడి పెట్టుకుంది. బావ రెండుసార్లు చదివించుకున్నాడు. అమ్మాయి మాత్రం, "అమ్మమ్మకి చివరిదాకా పళ్ళున్నాయి కదా మామయ్యా" అంది. "అది కవిసమయం" అన్నాను.

దరఖాస్తు రుసుములు, కళాశాలలు విడివిడిగా అడిగే రుసుములు, మార్కుల మదింపు అన్నీ కలిసి సుమారు రెండున్నర లక్షల రూపాయలు ఖర్చయ్యాయి. బావకు రేపల్లె పక్కన ఎకరంన్నర మాగాణి తప్ప వేరే ఆధారం లేదు. ఆ ఏడు దాళవా డబ్బంతా అందులోకే పోయింది. వేసవి గడిచింది, దసరా గడిచింది. మొహమాటపు తిరస్కారాలు కొన్ని వచ్చాయి. కొన్నిచోట్ల నుంచి అదీ రాలేదు.

తరువాత మా తమ్ముడు ఆ వ్యాసాన్ని అక్కడ తనకు తెలిసిన ఒక దంతవైద్యురాలికి చూపించాడు. ఆవిడా ఇలాగే చదివి స్థిరపడినావిడే. చదివి, "ఈ అమ్మాయి ఇన్నేళ్ళూ ఏం పని చేసిందో నాకు తెలియలేదు" అన్నదట. అంతే. ఆ మాట నాకు ఫోనులో చెప్పలేక తమ్ముడు నెలరోజులు నానబెట్టాడు. అప్పుడే అమ్మాయి బాపట్ల నుంచి రైల్లో తెనాలి వచ్చి ఆ కాగితాలు నా చేతికిచ్చింది. బాపట్ల నుంచి రేపల్లెకు చెరుకుపల్లి మీదుగా బస్సులో పోతే దగ్గర. నాతో మాట్లాడవలసి వచ్చినప్పుడే ఇలా రైల్లో చుట్టు తిరిగి వస్తుంది.

ఆ వ్యాసం ఒక్కదాని వల్లే పిలుపు రాలేదని నేను అనను. అది ఎవరూ తేల్చి చెప్పలేరు. కానీ రెండో ఏడు తను చేసిన పనులు వరుసగా చూస్తే, దరఖాస్తుకు బలం ఎక్కడినుంచి వస్తుందో నాకు కొంత అర్థమైంది.

మధ్యలో విజయవాడలో ఒక కన్సల్టెన్సీ వాళ్ళు తగిలారు. 'ప్రొఫైలు బలపరుస్తాం' అన్నారు. ఎలాగయ్యా అంటే, చేయని శిబిరాలకు ధ్రువపత్రాలు, కూర్చోని క్లినిక్కుల్లో కూర్చున్నట్లు గంటల లెక్క, సంతకాలతో సహా సిద్ధంగా ఉన్న సిఫారసు లేఖలు. బావ సంచిలో డబ్బు పట్టుకునే వెళ్ళాడు. అమ్మాయి మెట్లు దిగి వచ్చేసింది. దారిలో బావ కోప్పడితే, "రేపు ఎదురుగా కూర్చోబెట్టి ఆ శిబిరంలో ఏం చూశావని అడిగితే ఏం చెప్పను నాన్నా?" అన్నదట. నాకు మనసులో గుచ్చుకున్నది వేరు. వాళ్ళు డబ్బు పుచ్చుకుని చేస్తానన్న పనిని నేను ఉచితంగా చేశాను! లేని అమ్మమ్మ బోసినవ్వును సృష్టించినవాణ్ణి నేను.

ఆ శనివారం నేను కలం తీయలేదు. ప్రశ్నలు అడిగాను. ఈ అయిదేళ్ళలో నీకు నిద్రపట్టనివ్వని రోగి ఎవరమ్మా అన్నాను. చాలాసేపు ఆలోచించి, "అదేమంత పెద్ద విషయం కాదు గానీ..." అంటూ నిజాంపట్నం ముసలమ్మ సంగతి చెప్పింది.

శ్రీకాకుళం వైపు నుంచి వేట కోసం వలస వచ్చిన కుటుంబం. ఆమెకు అడ్డపొగ అలవాటు. అంటే చుట్ట నిప్పు ఉన్న కొసను నోట్లో పెట్టుకుని పీల్చడం. సముద్రపు గాలికి చుట్ట ఆరిపోకుండా ఉంటుందనీ, పని చేసుకుంటూ కాల్చుకోవచ్చనీ అంటారు. మన కోస్తాలో, ముఖ్యంగా ఉత్తరాంధ్రలో, ఆడవాళ్ళలో ఎక్కువ. శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది గ్రామస్థులను ఇంటింటికీ తిరిగి పరీక్షించి, పింద్‌బోర్గ్ అనే డెన్మార్కు శాస్త్రవేత్త మన దేశపు వైద్యులతో కలిసి 1971లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ క్యాన్సర్‌లో వ్యాసం ప్రచురించాడు. వారిలో పదిమందికి నలుగురికి పైగా అడ్డపొగ తాగేవాళ్ళే. ఆ వేడికి అంగిలి దెబ్బతింటుంది. మామూలు పొగతో అంగిలికి అరుదుగా వచ్చే క్యాన్సరు ఈ అలవాటున్న చోట తరచు కనిపిస్తుంది.

ముసలమ్మ వచ్చింది కదిలే పన్ను తీయించుకోవడానికి. పన్ను తీస్తూ అమ్మాయి పైకి చూసింది. అంగిలి అంతా తెల్లబారి, మధ్య మధ్య ఎర్రటి చుక్కలు, ఒకచోట పచ్చిపుండు. ముక్క తీసి పరీక్షకు పంపాలని గుంటూరుకు చీటీ రాసి ఇచ్చింది. ముసలమ్మ ఆ చీటీని రవికలో దోపుకుని వెళ్ళిపోయింది. వారమైంది, రెండు వారాలైంది, రాలేదు. మూడో ఆదివారం అమ్మాయి నిజాంపట్నం వెళ్ళి ఇల్లు వెతికి పట్టుకుంది. చీటీ అలాగే ఉంది. గుంటూరు వెళ్ళాలంటే ఒకరోజు ఎండుచేపల కూలి పోతుంది. బస్సు ఎక్కించేవారు లేరు. ఆ మంగళవారం తనే తీసుకెళ్ళింది. నివేదికలో క్యాన్సరు అనలేదు. ఆ దారిలో మొదలైన మార్పు అన్నారు. పుండు ఉన్న భాగం తీసేసి, చుట్ట మానమన్నారు.

"మానేసిందా?" అన్నాను.

"లేదు మామయ్యా. ఎంత చెప్పినా మానలేదు. నిప్పు మాత్రం బయటికి తిప్పింది. నేను ఓడిపోయానో గెలిచానో నాకే తెలియదు. మూడు నెలలకోసారి వచ్చి నోరు చూపించుకుని పోతుంది."

"ఇది పోయినేడు ఎందుకు చెప్పలేదు?"

"నువ్వు అడగలేదుగా. అయినా అది పనే కదా, అందులో రాయడానికేముంది?"

బండి వచ్చి వెళ్ళిపోయింది. తరువాతి బండికి వెళ్ళింది. రెండో వ్యాసం తనే రాసుకుంది, ఇంగ్లీషులో, తనకు వచ్చిన ఇంగ్లీషులో. అందులో ముసలమ్మ మానలేదన్న సంగతి కూడా దాచకుండా రాసింది. నేను చేసిన సాయం రెండుచోట్ల కామాలు పెట్టడం. ఒకచోట 'ద్రవించిన హృదయం' అని పెట్టబోయి ఆగిపోయాను.

సిఫారసు లేఖల విషయంలోనూ అంతే. మొదటి ఏడు పెద్ద హోదాల్లో ఉన్న ఆచార్యులను పట్టుకున్నాం. మూడు లేఖలకూ అచ్చు ఒకటే. వాళ్ళ తప్పు కాదు, వందమందిలో ఒక పిల్లను గుర్తుపెట్టుకుని ఏం రాస్తారు? రెండో ఏడు బాపట్ల పెద్దాయనను అడిగింది. పక్క కుర్చీలో అయిదేళ్ళు చూసినవాడు. ఆయన నాలుగు పేరాలు రాశారు. ఒక పేరాలో, ఈమె చేయి కొంచెం నిదానం, కానీ ఒకసారి చేసిన పని తిరిగి రాదు అని ఉంది. 'నిదానం' అన్న మాట తీసేయమని అడగమన్నాడు బావ. అమ్మాయి అడగలేదు.

అడగకపోగా, ఆ నిదానం మీదే పని చేసింది. కొన్ని కళాశాలలు ఇంటర్వ్యూతోపాటు బెంచ్ టెస్టు పెడతాయి. బొమ్మ దవడలో బిగించిన ప్లాస్టిక్ పళ్ళ మీద, గడియారం చూసుకుంటూ, పుచ్చు చెక్కి నింపడానికీ తొడుగు వేయడానికీ పన్నును సిద్ధం చేయాలి. అక్కడ దంతవైద్యంలో కొత్తగా చేరేవారికి పెట్టే డ్యాట్ పరీక్షలో 1970ల తొలినాళ్ళ వరకూ సుద్దముక్కను కొలతల ప్రకారం చెక్కించేవారట. మన బీడీఎస్ మొదటి ఏడు పిల్లలు మైనపు దిమ్మెను పన్ను ఆకారంలో చెక్కుతారే, అలాంటిదే. రేపల్లె క్లినిక్కులో రోగులు వెళ్ళిపోయాక రాత్రి పదింటిదాకా ఆ ప్లాస్టిక్ పళ్ళతో కూర్చునేది. కరెంటు పోతే చేతి యంత్రం ఆగిపోయేది, గడియారం మాత్రం ఆపేది కాదు. అక్కడా పోవచ్చు కదా అనేది, నవ్వుతూ.

ఇక ఎక్కడికి పంపాలన్న ప్రశ్న. మొదటి ఏడు మేము పేర్లు చూసి ఎంచాం. పెన్సిల్వేనియా, బోస్టన్, న్యూయార్క్ - ఎవరికైనా చెప్పుకుంటే తెలిసే పేర్లు. రెండో ఏడు అమ్మాయి ఒక రూళ్ళ పుస్తకంలో గళ్ళు గీసింది. మొదటి గడి: మన వీసా మీద వచ్చేవారిని తీసుకుంటారా? కొన్నిచోట్ల అక్కడి పౌరులనూ శాశ్వత నివాసులనూ మాత్రమే తీసుకుంటారు. మొదటి ఏడు మేము అలాంటి రెండింటికి కూడా డబ్బు కట్టాం! రెండో గడి: ఎందరిని తీసుకుంటారు? పెద్ద కళాశాలలు పదుల సంఖ్యలో తీసుకుంటే, చిన్నవి వేళ్ళ మీద లెక్కించేంతమందిని తీసుకుంటాయి. మూడోది: ఎన్నేళ్ళు? నాలుగోది: చదివాక పని చేయదలచిన రాష్ట్రంలో నిబంధన ఏమిటి? న్యూయార్కులో లైసెన్సుకు పట్టా తరువాత ఏడాది రెసిడెన్సీ కూడా చేయాలి. అయిదోది అన్నిటికంటే వెడల్పు గడి: డబ్బు.

బోధనా రుసుమే చాలాచోట్ల మొత్తం మీద లక్ష డాలర్లు దాటుతుంది. కొన్నిచోట్ల దానికి రెట్టింపు దరిదాపుల్లో ఉంటుంది. విదేశీ విద్యార్థికి అక్కడి ప్రభుత్వ రుణం రాదు. ప్రైవేటు బ్యాంకు ఇవ్వాలంటే సాధారణంగా అక్కడివారెవరైనా పూచీ పడాలి. మా తమ్ముడు ఎంతవరకు పూచీ పడగలడో నోరు తెరిచి అడిగి, ఆ అంకె పుస్తకం పైన రాసుకుంది. ఎకరంన్నరను తాకట్టు పెడితే వచ్చేది దానికింద రాసింది. పొలం అమ్మితే వచ్చేది రాయలేదు. బావ అమ్ముతానన్నాడు, పట్టుబట్టాడు, రెండు రోజులు అన్నం మానేశాడు. "అమ్మిన పొలం మీద నిలబడి నేను పన్ను చూడలేను నాన్నా. రాకపోతే బాపట్ల ఉంది, నా కుర్చీ ఉంది" అంది. ఆ గడిలో ఇమడనివన్నీ కొట్టేస్తే 14లో ఆరు మిగిలాయి. చెప్పుకుంటే తెలిసే పేర్లన్నీ పోయాయి. మా అక్కకు అదొక దిగులు.

2023లో ఆ ఆరింటికే పంపింది. రెండుచోట్ల నుంచి పిలుపు వచ్చింది. ఒకచోట బెంచ్ టెస్టులో తొడుగు పని సమయానికి ముగియలేదు. నిదానం పూర్తిగా పోలేదన్నమాట. రెండోచోట మాట్లాడినవారు ఇరవై నిమిషాలలో పదిహేను నిమిషాలు నిజాంపట్నం ముసలమ్మ గురించే అడిగారట. మళ్ళీ అలాంటి మనిషి వస్తే ఈసారి ఏం వేరుగా చేస్తావని అడిగారట. "చీటీ రాసి పంపేయను, ఆ రోజే ఆవిడతో ఎవరు వస్తారో, కూలి ఎంత పోతుందో ముందు అడుగుతాను" అని చెప్పానంది. అక్కడే సీటు వచ్చింది. ఊరి పేరు రాయవద్దంది గనుక రాయడం లేదు. 2024 వేసవిలో వెళ్ళింది. పొలం తాకట్టులో ఉంది, అమ్మలేదు. అప్పు తీరేదాకా బావకు నిద్ర ఉండదు, ఆ సంగతి కూడా దాచకుండా చెబుతున్నాను.

ఇందువల్ల అక్కడి పద్ధతి గొప్పదీ మనది తక్కువదీ అని నేను అనుకోవడం లేదు. అక్కడి పద్ధతిలో నా వంటి మామయ్యలకూ, మెట్ల మీద కూర్చున్న కన్సల్టెన్సీలకూ చోటుంది. మన ర్యాంకు దగ్గర ఆ చోటు లేదు. కానీ ఆ పిల్ల పదేళ్ళు దంతవైద్యంలో ఉండి, తాను దాన్ని ఎందుకు చేస్తున్నదో మొదటిసారి తనకు తాను చెప్పుకోవలసి వచ్చింది. ఆ అవసరాన్ని మొదటి ఏడు నా ఉపమానాలతో నేనే తప్పించాను.

మొన్న మా వీధిలోని ఒకావిడ కొడుకును వెంటబెట్టుకుని వచ్చింది. ఆ అబ్బాయీ బీడీఎస్సే. "మా వాడికి కూడా మీ మేనకోడలికి రాసిపెట్టినట్టే ఒకటి రాసిపెట్టండి మాస్టారూ" అంది. రాయను గానీ కూర్చోమన్నాను. ఏం చేశావు నాయనా ఈ రెండేళ్ళూ అని అడిగాను.

"చెప్పుకోదగ్గదేమీ చేయలేదండీ" అన్నాడు.

సరే, చెప్పుకోదగనిదే చెప్పు అన్నాను. కాఫీలు రెండుసార్లు తాగాం. ఆవిడ విసిగి ఇంటికి వెళ్ళిపోయింది. వాడు చీకటి పడేదాకా చెబుతూనే ఉన్నాడు.